దస్తీ – రుమాలు: ఒకే పదబంధం రెండు ప్రాంతాల్లో నిలిచిన తీరు

ప్రస్తావన

రాజేంద్రనగర్, శంషాబాద్ పరిసర గ్రామాల్లో పాతతరం వారి మాటల్లో 'రుమాలు' అంటే తలకు చుట్టుకొనే గుడ్డ. ముఖం, చేతులు తుడుచుకోవడానికి జేబులోనో రొండినో ఉంచుకొనే చిన్న చదరపు గుడ్డ 'దస్తీ'. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాడుకలో ఈ రెండవ వస్తువుకే 'రుమాలు', 'చేతిరుమాలు', 'జేబురుమాలు' అని పేర్లు. తలకు చుట్టుకొనేదాన్ని అక్కడ తలపాగా అనో తలగుడ్డ అనో అంటారు. ఒకే మాట ఒకచోట తలమీద, మరొకచోట జేబులో ఉన్నదన్నమాట.

ఈ వ్యత్యాసాన్ని మాండలిక భేదమని ఒక్క మాటతో ముగించడం పరిపాటి. 'రుమాలు' శిష్టవ్యవహారంలోని పదమనీ, 'దస్తీ' ఉర్దూ ప్రభావంవల్ల తెలంగాణలో చేరిన ప్రాంతీయ పదమనీ ఒక అభిప్రాయం కూడా ప్రచారంలో ఉంది. రెండు పదాలూ పారసీకమూలాలే అన్న సంగతి ఈ అంచనాలో మరుగునపడింది. ఈ రెండూ పరస్పరం పోటీపడిన వేర్వేరు పదాలు కావనీ, 'దస్తీ రుమాల్' అనే ఒకే పదబంధంలోని రెండు భాగాలు రెండు ప్రాంతాల్లో వేర్వేరుగా నిలిచాయనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ ప్రతిపాదన నిలిస్తే, ఒకదానిని ప్రామాణికమనీ మరొకదానిని మాండలికమనీ విభజించడానికి వ్యుత్పత్తిపరమైన ఆధారం ఉండదు.

'రుమాలు' వ్యుత్పత్తి

పారసీకంలో 'రూ' అంటే ముఖం. 'మాల్' అన్నది 'మాలీదన్' (రుద్దడం, తుడవడం) అనే క్రియ నుంచి ఏర్పడిన రూపం. రెండూ కలిసి 'రూమాల్', అంటే ముఖం తుడుచుకొనేది. తెలుగులో మొదటి అక్షరంలోని దీర్ఘం హ్రస్వమై, చివర ఉకారం చేరి 'రుమాలు' అయింది. హల్లుతో ముగిసే అన్యదేశ్యాలకు చివర ఉకారం చేర్చుకోవడం తెలుగుకు సహజమే. 'బజారు', 'సిపాయి'లతోపాటు వచ్చిన వందలాది పదాల్లో హలంతాలన్నీ దాదాపు ఈ దారినే నడిచాయి.

వ్యుత్పత్తిలో ముఖం ఉన్నా, వాడుకలో ఈ పదానికి చదరపు గుడ్డ అన్న అర్థమే ప్రధానమైంది. హైదరాబాదు భోజనశాలల్లో 'రుమాలీ రోటీ' అన్న పేరు ఆ రొట్టె పలుచదనాన్నీ, మడతపెట్టే తీరునూ సూచిస్తుంది. తుడవడంతో దానికి సంబంధం లేదు. వస్తువు చేసే పనినిబట్టి పుట్టిన పేరు, ఆ పని మరుగునపడి వస్తువు ఆకారానికి పేరుగా మారడం అర్థపరిణామంలో తరచుగా కనిపించేదే.

'దస్తీ' వ్యుత్పత్తి

పారసీకంలో 'దస్త్' అంటే చేయి. దానికి సంబంధార్థకమైన ఈకారం చేరితే 'దస్తీ' అనే విశేషణం ఏర్పడుతుంది. 'హైదరాబాదీ', 'దేశీ' వంటి మాటల్లో కనిపించే ఈకారం ఇటువంటిదే. 'దస్తీ' అంటే చేతికి సంబంధించినది, చేతిలో ఉండేది. ఉర్దూలో 'దస్తీ బమ్' అంటే చేతితో విసిరే బాంబు. న్యాయస్థానాల పరిభాషలో 'దస్తీ నోటీసు' అంటే కక్షిదారు స్వయంగా తీసుకొని వెళ్ళి ఎదుటి పక్షానికి అందజేసే నోటీసు. ఈ ప్రయోగాలన్నింటిలోనూ 'దస్తీ' విశేషణమే. దాని తర్వాత ఒక విశేష్యం ఉండి తీరుతుంది. తెలంగాణ తెలుగులో మాత్రం అది స్వతంత్రమైన నామవాచకం. 'దస్తీలు' అని బహువచనం, 'దస్తీల కట్టుకొచ్చిండు' అని విభక్తిరూపం కూడా దానికి ఉన్నాయి.

'దస్త్' నుంచి వచ్చిన మాటలు తెలుగులో తక్కువేమీ కాదు. చేతితో పట్టుకొని ఉండదగిన ఆధారపత్రం 'దస్తావేజు'. చేతిరాత అన్న అర్థంగల 'దస్త్‌ఖత్' తెలంగాణలో 'దస్కత్' అయి సంతకానికి పేరైంది. పిడికెడు, కట్ట అన్న అర్థంగల 'దస్తా' ఇరవై నాలుగు కాగితాల కట్టకు పేరుగా అన్ని ప్రాంతాల్లోనూ వాడుకలో ఉంది. పైచేయి అన్న అర్థంనుంచి వచ్చింది 'జబర్దస్తీ'. చేయి అందించి ఆదుకొనేవాడు 'దస్తగీర్'. బాగ్దాదుకు చెందిన సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీకి ఇది బిరుదు. రాయలసీమలో 'దస్తగిరి' అన్న వ్యక్తినామంగా ఇది మతభేదం లేకుండా వినిపిస్తుంది. ఆ పేరులో తెలుగు చెవికి 'గిరి' వినబడుతుంది గాని, అసలు ఉన్నది చేయి. ధ్వనిలో దగ్గరగా కనిపించే 'దస్త్రం' మాత్రం ఈ కుటుంబానికి చెందినది కాదు. దానిని 'దఫ్తర్' అన్న మాటతో ముడిపెట్టడం సమంజసం.

హస్తం, దస్త్: పోలిక, భేదం

'దస్తీ'ని సంస్కృత 'హస్త' శబ్దానికి వికృతిగా చెప్పే లౌకిక వ్యుత్పత్తి అప్పుడప్పుడు వినిపిస్తుంది. అర్థం కలిసినందువల్ల, ధ్వని దగ్గరగా ఉన్నందువల్ల అది నమ్మదగినదిగానే తోస్తుంది. కాని తెలుగులో హకారం దకారంగా మారే సూత్రం లేదు. హస్తానికి తద్భవం కావలసివస్తే 'హత్త', 'అత్త' వంటి ప్రాకృత మార్గమే ఉండాలి.

పోలికకు కారణం వేరు. సంస్కృత, పారసీకాలు ఇండో-ఇరానియన్ కుటుంబంలో సోదర భాషలు. సంస్కృతంలో 'హస్త' అన్నది అవెస్తాలో 'జస్త', ప్రాచీన పారసీకంలో 'దస్త'. ఇది ఒక్క మాటకు పరిమితమైన యాదృచ్ఛిక సామ్యం కాదు. 'నేను' అన్న అర్థంలో సంస్కృతం 'అహమ్' అంటే, అవెస్తా 'అజెమ్' అనీ, ప్రాచీన పారసీకం 'అదమ్' అనీ అంటాయి. హకార, జకార, దకారాల ఈ అనురూపత క్రమబద్ధమైనది. కనుక 'హస్తం', 'దస్తీ' తల్లీబిడ్డలు కావు. ఒకే మూలం నుంచి రెండు దారుల్లో వచ్చి తెలుగు నేలమీద కలుసుకొన్న తోబుట్టువులు. ఒకటి తత్సమంగా గౌరవం పొందింది. మరొకటి అన్యదేశ్యంగా మిగిలింది.

విశేషణం నామవాచకమైన తీరు

విశేషణమైన 'దస్తీ' గుడ్డకు పేరు ఎట్లా అయింది? ఉర్దూలో చేతిగుడ్డకు 'దస్తీ రుమాల్' అనే పదబంధం ఉంది. చదరపు గుడ్డలన్నింటికీ 'రుమాలు' అన్న పేరు వ్యాపించినప్పుడు, తలకు చుట్టేదానినీ, చేతిలో ఉంచుకొనేదానినీ వేరుచేసి చెప్పవలసిన అవసరం కలుగుతుంది. ఆ అవసరం తీర్చే విశేషణం 'దస్తీ'. వ్యవహారంలో పదేపదే వినబడే పదబంధం కుదించుకొనిపోయేటప్పుడు భేదాన్ని తెలిపే భాగం నిలిచి, సామాన్యమైన భాగం లోపించడం సహజం. 'దస్తీ రుమాల్'లో భేదకం 'దస్తీ' కనుక అదే మిగిలింది. విశేషణం లేని 'రుమాలు' తలగుడ్డకు స్థిరపడింది.

కోస్తా ప్రాంతంలో ఇదే పదబంధం మరొక విధంగా పరిణమించింది. అక్కడ 'దస్తీ' అన్న విశేషణం 'చేతి' అని అనువాదమైంది. 'రుమాలు' అన్న విశేష్యం యథాతథంగా నిలిచింది. 'చేతిరుమాలు' అన్న సమాసం 'దస్తీ రుమాల్'కు సరిసమానమైన ప్రతిరూపం. తలగుడ్డకు 'తలపాగా' వంటి మాటలు ఉండనే ఉన్నందువల్ల కాలక్రమంలో 'చేతి' అన్న విశేషణం అవసరమే లేకపోయి, 'రుమాలు' ఒక్కటే చేతిగుడ్డను తెలిపింది. తెలంగాణలో విశేష్యం లోపిస్తే, కోస్తాలో విశేషణం లోపించింది. పదబంధాన్ని ఇద్దరూ పంచుకొన్నారు; సగం ఒకరి దగ్గర, సగం మరొకరి దగ్గర మిగిలింది.

ఈ ప్రతిపాదనకు మధ్యాసియా భాషల సాక్ష్యం బలం చేకూరుస్తుంది. ఉజ్బెక్ భాషలో 'రోమోల్' అంటే తలకు కట్టుకొనే గుడ్డ. చేతిగుడ్డను 'దస్త్‌రోమోల్' అంటారు. తాజిక్ భాషలోనూ ముఖవాచకంతో ఏర్పడిన ఈ మాట తలగుడ్డకు పేరుకాగా, చేతిగుడ్డను చెప్పడానికి 'దస్త్' ముందు చేరుతుంది. ఇరాన్‌లో వాడే 'దస్త్‌మాల్' నేరుగా చేతినే ఆధారం చేసుకొన్న పదం. అంటే 'రుమాల్' తలకెక్కిన చోట, చేతిలోని గుడ్డకు 'దస్త్' తోడు కావలసివచ్చింది. రాజేంద్రనగర్ రైతుకూ సమర్‌ఖండ్ గృహిణికీ నేరుగా సంబంధం ఉందని ఇందువల్ల చెప్పనక్కరలేదు. ఒకే పదసామగ్రి ఒకే విధమైన అవసరం కలిగినప్పుడు ఒకే విధమైన పరిష్కారాన్ని ఇచ్చిందని చెప్పడం చాలు.

చేతిగుడ్డకు చేతిని బట్టి పేరు పెట్టడం పొరుగు భాషల్లోనూ ఉన్నది. తమిళంలో 'కైక్కుట్టై', కన్నడంలో 'కరవస్త్ర', మరాఠీలో 'హాత్‌రుమాల్'. 'దస్తీ' అన్న మాట పరాయిదైనా, దాని వెనుక ఉన్న నామకరణ పద్ధతి దక్షిణాదికి కొత్తది కాదు.

'దస్తార్' అన్న మాట నుంచి 'దస్తీ' వచ్చి ఉండవచ్చునన్న సందేహానికి కూడా సమాధానం చెప్పవలసి ఉంది. 'దస్తార్' అంటే తలపాగా. దానిలోని 'ఆర్' లోపించి ఈకారం చేరడానికి తెలుగులోగాని దక్కనీ ఉర్దూలోగాని సమానమైన ఉదాహరణలు లేవు. పైగా అర్థంలో అది తలకు చెందినది. విశేషణం నుంచి వచ్చిందనడమే లాఘవం.

గుడ్డ తలకెక్కడం, దిగడం

ముఖం తుడుచుకొనేది తలపాగా కావడం వింతగా తోచవచ్చు. కాని వస్త్రనామాల్లో ఇట్టి ప్రయాణం అరుదు కాదు. ఆంగ్లంలోని 'కర్చీఫ్' ప్రాచీన ఫ్రెంచిలో తలను కప్పేది అన్న అర్థంగల సమాసం నుంచి పుట్టింది. తలనుంచి ఆ గుడ్డ చేతికి దిగినప్పుడు ముందు 'హ్యాండ్' చేరి 'హ్యాండ్‌కర్చీఫ్' అయింది. వ్యుత్పత్తి ప్రకారం అది చేతిలోని తలగుడ్డ. జేబులోకి చేరినప్పుడు దానికి మరొక విశేషణం తోడైంది. మన 'జేబురుమాలు' ఆ పోకడకు దగ్గరగా ఉంది. అక్కడ గుడ్డ తలనుంచి చేతికి దిగితే, తెలంగాణలో ముఖంనుంచి తలకు ఎక్కింది.

మన చేనేతలోనూ ఇందుకు సాక్ష్యం ఉన్నది. నూలును నూనెతోనూ క్షారద్రవ్యాలతోనూ శుద్ధిచేసి, రంగు వేయడానికి ముందే కట్లుకట్టి నేసే 'తేలియా రుమాల్'కు చీరాల, పుట్టపాక ప్రసిద్ధ కేంద్రాలు. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేసిన ఈ చదరపు వస్త్రాలు చీరాల నుంచి అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. అక్కడ వాటిని తలకు కట్టుకొనేవారు. మన ప్రాంతంలో శ్రమజీవులు తలకు చుట్టుకోవడానికీ, నడుముకు కట్టుకోవడానికీ వాడేవారు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. నేతగాడి దృష్టిలో 'రుమాలు' అన్నది ఒక కొలత, ఒక ఆకారం. దానిని ముఖానికి వాడాలో తలకు వాడాలో నిర్ణయించేది కొనుగోలుదారు. చీరాల కోస్తాలోనూ, పుట్టపాక తెలంగాణలోనూ ఉన్నందువల్ల, తలగుడ్డ అన్న అర్థానికి అవకాశం రెండు ప్రాంతాల్లోనూ ఉండెనని గ్రహించాలి.

ప్రాంతభేదానికి చారిత్రక కారణం

'దస్తావేజు', 'దస్తా' రెండు ప్రాంతాల్లోనూ నిలవగా 'దస్తీ' తెలంగాణకు పరిమితం కావడానికి కారణం ఏమిటి? ఆదాన పదాలు భాషలోకి వచ్చే దారులు రెండు. ఒకటి కచేరీ దారి. భూమిశిస్తు, న్యాయం, సైన్యం వంటి వ్యవహారాలకు చెందిన మాటలు ఈ దారిన వస్తాయి. పాలకులు మారినా ఆ పరిభాష మారదు. ఈస్టిండియా కంపెనీ జిల్లా కచేరీల్లో పారసీక పదజాలం ఎంత వ్యాప్తిలో ఉండెనంటే, సి.పి. బ్రౌన్ 1852లో 'జిల్లా నిఘంటువు'ను, 1854లో 'మిశ్రభాషా నిఘంటువు'ను ప్రత్యేకంగా కూర్చవలసి వచ్చింది.

రెండవది ఇంటి దారి. తిండి, బట్ట, ఆటపాటలకు చెందిన మాటలు ఇరుగుపొరుగు సహజీవనంవల్ల మాత్రమే వస్తాయి. అందుకు తరాలు పడతాయి. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలం (1518–1687) నుంచి ఈ సహజీవనం తెలుగు దేశమంతటా ఏదో ఒక మేరకు ఉన్నదే. ఆసఫ్‌జాహీల పాలనలో మాత్రం దారులు చీలాయి. ఉత్తర సర్కారులను కంపెనీకి అప్పగించే ఒప్పందం 1766లో జరిగింది. గుంటూరు 1788లో, దత్తమండలాలు 1800లో నిజాం చేజారాయి. తెలంగాణ 1948 వరకు ఆ పాలనలోనే ఉండిపోయింది. 1880ల దశకంలో పారసీకం స్థానంలో ఉర్దూ అధికారభాష అయింది; 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలోనే ఉన్నతవిద్య నేర్పింది. కోస్తా జిల్లాలు అదే కాలంలో ఆంగ్లంవైపు నడిచాయి.

'దస్తీ' భౌగోళిక వ్యాప్తి ఈ వాదాన్ని బలపరుస్తుంది. చేతిగుడ్డకు ఈ పేరు హైదరాబాదు దక్కనీ ఉర్దూలోనే గాక, మరాఠ్వాడా మరాఠీలోనూ కలబురగి ప్రాంతపు కన్నడంలోనూ వినిపిస్తుంది. ఆ ప్రాంతాలన్నీ హైదరాబాదు సంస్థానంలోని భాగాలే. 1956లో మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోనూ, కన్నడ జిల్లాలు మైసూరు రాష్ట్రంలోనూ, తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లోనూ కలిశాయి. సంస్థానం పటం మీద నుంచి పోయినా, దాని ఎల్లలు చేతిగుడ్డ పేరులో మిగిలాయి. భాషాప్రాతిపదికన గీసిన సరిహద్దులు కాక, కలిసి బతికిన చరిత్ర గీసిన సరిహద్దును 'దస్తీ' చూపుతుంది.

రాజేంద్రనగర్ పరిసరాల గ్రామనామాల్లోనూ ఈ పొరలు కనిపిస్తాయి. శివరాంపల్లి, ఉప్పర్‌పల్లి పక్కనే శంషాబాద్, కిస్మత్‌పూర్, హిమాయత్‌సాగర్. గగన్‌పహాడ్‌లో సంస్కృత 'గగన'మూ హిందుస్తానీ 'పహాడ్' కలిసి ఒకే ఊరిపేరు అయ్యాయి. ఇటువంటి నేలమీద 'దస్తీ'ని పరాయి మాటగా ఎవరూ గుర్తించలేదు. తెలంగాణ పిల్లలు గుండ్రంగా కూర్చుని, వెనుకగా గుడ్డ పడవేస్తూ ఆడే ఆట పేరు 'దస్తీ బిస్తీ'. పిల్లల ఆటలోకి చేరి, అర్థంలేని ప్రాసపదాన్ని జతచేసుకొన్న మాట భాషలో వేళ్ళూనుకొన్నదనడానికి వేరే నిదర్శనం అక్కరలేదు.

అర్థభేదం తెలియనప్పటి నష్టం

ఈ చర్చ కేవలం వ్యుత్పత్తి కుతూహలానికి చెందినది కాదు. తెలంగాణ కథల్లోగాని, వృద్ధుల జ్ఞాపకాల్లోగాని ఇటువంటి వాక్యం ఎదురయిందనుకొందాం: 'దొర కనబడంగనే రుమాలు తీసి చంకల పెట్టుకున్నడు.' రుమాలు అంటే చేతిగుడ్డ అనుకొన్న పాఠకునికి ఇందులో విశేషం ఏదీ కనబడదు. చెమట తుడుచుకోవడానికి కాబోలు అనుకొని ముందుకు సాగుతాడు. రుమాలు తలపాగా అని తెలిసిన పాఠకునికి ఒక మనిషి తన గౌరవచిహ్నాన్ని తలమీద నుంచి దించుకొన్న దృశ్యం కనబడుతుంది. దొరల గడీల ముందు తలగుడ్డ, చెప్పులు తీసి నిలబడవలసి వచ్చిన సామాజిక చరిత్ర అంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. పదానికి ఒకే అర్థం ఇచ్చి, ఆ అర్థాన్నే ప్రామాణికమంటే పోయేది ఒక మాండలిక రూపం కాదు. ఒక అవమానపు సాక్ష్యం.

ఆధునిక ప్రామాణిక భాష ప్రధానంగా కోస్తా జిల్లాల విద్యావంతుల వ్యవహారం ఆధారంగా రూపొందింది. ఆ క్రమంలో 'రుమాలు' పారసీక పదమన్న స్పృహ పోయి తెలుగు పదంగా చెల్లుబాటైంది. అదే మూలంగల 'దస్తీ'కి మాత్రం అన్యదేశ్యమన్న ముద్ర నిలిచింది. ఒకే పదబంధంలోని రెండు సగాల్లో ఒకటి స్వకీయమూ మరొకటి పరకీయమూ ఎట్లా అవుతాయి? ఈ విభజనకు మూలం భాషాశాస్త్రంలో లేదు; ఏ ప్రాంతపు వాడుక ముందుగా పుస్తకాలకెక్కిందన్న దానిలో ఉన్నది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన 'మాండలిక వృత్తిపదకోశం' వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. వృత్తిపదాలను అన్ని ప్రాంతాల నుంచి సమానంగా సేకరించి, ఏ ప్రాంతపు రూపాన్నీ తక్కువచేయకుండా నమోదుచేసిన పద్ధతి వాటిది. అదే పద్ధతిని కట్టు, బొట్టు, నిత్యోపయోగ వస్తువుల పదజాలానికి వర్తింపజేయవలసి ఉంది. 'రుమాలు' పద్దు కింద తలపాగా, చేతిగుడ్డ అన్న రెండర్థాలూ ప్రాంతసూచనతో ఉండాలి. 'దస్తీ' పద్దు కింద ఉర్దూ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టక, విశేషణం నామవాచకంగా మారిన క్రమాన్ని చెప్పాలి. 'చేతిరుమాలు' పద్దు నుంచి 'దస్తీ'కి సూచన ఉండాలి.

ముగింపు

తెలంగాణలో 'దస్తీ', కోస్తాలో 'రుమాలు' ఒకే పదబంధానికి వారసులు. ఒకచోట చేయి మిగిలింది, మరొకచోట గుడ్డ మిగిలింది. కచేరీ పదాలు అంతటా వ్యాపించి, ఇంటి పదాలు కలిసి బతికిన చోటనే నిలవడం వల్ల ఈ భేదం స్థిరపడింది. నేడు రెండు ప్రాంతాల యువతరమూ 'కర్చీఫ్' అంటున్నది. తలను కప్పేది అన్న మూలార్థం ఆ మాట వాడేవారెవరికీ తెలియవలసిన పని లేదు. అయితే పాతమాటలు పూర్తిగా మరుగున పడేలోపు వాటి అర్థాలను, ఎల్లలను నమోదు చేయడం పరిశోధకుల బాధ్యత.

తొలి అచ్చతెనుగు కావ్యమైన పొన్నికంటి తెలగనార్యుని 'యయాతి చరిత్ర' కుతుబ్‌షాహీల అధికారి అయిన అమీన్‌ఖానుకు అంకితమైంది. తత్సమాలను సైతం విడిచిపెట్టిన కావ్యం పుట్టిన కాలమూ నేలా, పారసీక పదాలు తెలుగు ఇళ్ళలోకి నడిచివచ్చిన కాలమూ నేలా ఒకటే. ఆనాటి తెలుగువారు ఆ రెంటికీ చోటిచ్చారు. 'దస్తీ'కి నిఘంటువులో తగిన చోటు ఇవ్వడానికి మనకు అంతకుమించిన ఆదర్శం అవసరం లేదు.